మనసు గురించి మూడు నిమిషాలు

పిల్లలూ! పరిశోధక విద్యార్థులు తమ సిద్ధాంత గ్రంథాన్ని మూడే నిమిషాల్లో, ఒకే స్లైడుతో, మామూలు జనానికి వివరించే పోటీని 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం మొదలుపెట్టింది. మంచి పనే. కాని మనస్తత్వ శాస్త్రం దగ్గర నాకొక పేచీ ఉంది. మనసు అందరికీ ఉన్నదే కనుక దాని గురించి ఏం చెప్పినా తలలూపుతాం. ఎవరిని, ఎలా పరీక్షించారని అడగం. ఆ "ఎలా"కే ఒక నిమిషం ఇవ్వాలంటాను.

స్ట్రూప్ అనే అమెరికన్ 1935లో ప్రచురించిన తన డాక్టరేటు పరిశోధన చూడండి. 100 మంది విద్యార్థులకు 100 రంగు గళ్లు చూపి రంగులు చెప్పమంటే సగటున 63 సెకన్లు పట్టింది. "ఎరుపు" అనే మాటను ఆకుపచ్చ సిరాతో అచ్చువేసి, అలాంటి 100 మాటల సిరా రంగులు చెప్పమంటే 110 సెకన్లు! చదివే అలవాటు అడ్డుపడిందన్నమాట. రంగు పెన్సిళ్లతో మీరూ చేసి చూడండి, వాచీ పక్కన పెట్టుకుని.