కారులోని యెఱ్ఱదీపము

కారు మరమ్మతు పురుషుల పని, మనకేల యని ఈ నెల పుట త్రిప్పివేయకుడు. ఆ కారులో ముందు పీఠమున బిడ్డను ఒడిలో నిడుకొని కూర్చుండువారము మనమే గదా. మాఘపౌర్ణమికి మా హంసలదీవి సాగరసంగమమునకు అవనిగడ్డ, కోడూరుల మీదుగా వచ్చు బండ్లలో ఎన్నింట నిట్లు తల్లులు కూర్చుండి వచ్చుచున్నారో మేము ఏటేట చూచుచునే యున్నాము. వేణుగోపాలస్వామి దయ యున్నది, సరియే. కాని కారును చేసినవాడు మన కొఱకై యుంచిన రక్షణ పనిచేయుచున్నదో లేదో యెఱుగుట దైవభక్తికి విరోధము గాదు.

ఎయిర్‌బ్యాగు అనగా స్టీరింగు చక్రము నడుమను, ప్రక్క పీఠమున కెదురుగా డాష్‌బోర్డులోను మడిచి దాచిన గుడ్డతిత్తి. కారు దేనినైన గట్టిగా గ్రుద్దుకొన్నపుడు సెన్సారు తెలిపిన వార్తను కంట్రోలు యూనిట్ అను చిన్న పెట్టె గ్రహించి, తిత్తి వెనుకనున్న ఇన్‌ఫ్లేటరునకు కొద్దిపాటి విద్యుత్తును పంపును. అందలి మందు రగిలి వాయువు పుట్టి, తిత్తి సుమారు 30 మిల్లీసెకండ్లలో ఉబ్బును. మన రెప్పపాటు ఇంతకు మూడింతలకు తక్కువ గాదు. మన దేశమున 2019 జూలై 1 నుండి క్రొత్త కార్లలో నడుపువారికిని, 2022 ఆరంభము నుండి వారి ప్రక్క కూర్చుండువారికిని ఇది యుండి తీరవలెనని నిబంధన. ఇంత వేగముగ జరుగవలసిన పని యంతయు సన్నని తీగెల మీద నాధారపడి యున్నది.

ఆ తీగెల క్షేమము నెఱిగించునదే డాష్‌బోర్డు మీది యెఱ్ఱదీపము. కూర్చున్న మనిషి, అతని యెదుట నొక గుండ్రని బంతి, ఇదియే దాని గుఱుతు. తాళము త్రిప్పగనే అది వెలిగి, కొన్ని సెకండ్లలో ఆరిపోవలెను. ఆరక నిలిచినను, దారిలో వెలిగినను ఎచ్చటనో లోపము కలదు. అట్టి కారు గ్రుద్దుకొన్నచో తిత్తి విచ్చుకొనకపోవచ్చును. తాళము త్రిప్పినపుడు అసలే వెలుగని దీపము మఱింత అనుమానింపదగినది. పాతకారు కొనబోవు ఇల్లాండ్రు రంగును మెచ్చుకొనుటకు ముందు ఈ యొక్కటి చూడవలెను.

లోపములలో మిక్కిలి తఱచైనది స్టీరింగులోనిది. చక్రము ఇటునటు తిరుగును. దానిలోని తిత్తికి పోవు తీగె మాత్రము తెగరాదు. అందులకై గడియారపు స్ప్రింగు వలె చుట్టిన పలుచని పట్టీవంటి తీగెను చక్రము క్రింద అమర్తురు. దీనిని స్పైరల్ కేబు లందురు. ఏండ్ల తరబడి చుట్టుకొనుచు విప్పుకొనుచు అది యొకనాడు చిట్లును. ఎఱ్ఱదీపము వెలిగిన నాడే హారను మూగవోయినచో దోష మిచ్చటనే యని చాలవఱకు ఊహింపవచ్చును, ఏలయన హారను తీగెయు ఆ చుట్టలోనే పోవును. ఇది యే పల్లెటూరి బండికో వచ్చు తెగులు గాదు. 2014 ఏప్రిలులో టొయోటా కంపెనీ ప్రపంచమంతట 60 లక్షలకు పైగా బండ్లను పరీక్షకై పిలిచినపుడు, మన దేశమున 2005 ఫిబ్రవరి మొదలు 2008 డిసెంబరు వఱకు తయారైన ఇన్నోవాలు 44,989 అందు చేరినవి. కారణము ఈ చుట్టతీగెయే. యాత్రలకు ఇన్నోవాను మాటాడుకొనని కుటుంబ మీ సీమలో అరుదు గనుక ఈ సంగతి ప్రత్యేకముగ వ్రాయుచున్నాము. 2023 జనవరిలో మారుతీ సుజుకీ వారును 17,362 కార్లను పిలిచిరి. అచట లోపము కంట్రోలు పెట్టెలోనిది.

రెండవ తావు పీఠము క్రింద. అచట పసుపుపచ్చని కప్లరుతో తీగెలు కలుపబడి యుండును. ఎయిర్‌బ్యాగు తీగెలకు పసుపురంగు వేయుట, దీని జోలికి రావలదని మెకానిక్కున కిచ్చు హెచ్చరిక. పీఠమును ముందు వెనుకలకు జరుపుట చేతను, దాని క్రిందికి గొడుగును క్యారేజీని నెట్టుట చేతను, చీపురుతో గట్టిగా చిమ్ముట చేతను ఇది వదులగును. మా వీథిలో నొకరి కారున కిట్లే యయ్యెను. ఒక మరమ్మతుదారుడు కంట్రోలు పెట్టెయే మార్చవలెనని వేలకు వేలు చెప్పెను. ఆ యిల్లాలు మాత్రము, దీపము సంక్రాంతికి కారు కడిగించిన మఱునాడే వెలిగినదని జ్ఞాపకము చేసికొని, మఱియొక చోట ఆ మాటయే చెప్పినది. అచటి కుఱ్ఱవాడు స్కానరు తగిలించి లోపసంఖ్య చదివి, పీఠము క్రింది కప్లరు విప్పి చూపగా సూదులకు చిలుము పట్టియున్నది. క్రొత్త సూదులు వేసి, సంఖ్యను చెఱపివేయగా దీప మారినది. దీపము ఎన్నడు, ఏ పని పిమ్మట వెలిగినదో చెప్పగలుగుట సగము వైద్యము.

చిలుము సంగతి మా ప్రాంతమువారికి చెప్పనక్కఱలేదు. ఇత్తడి బిందెను వారమున కొకమాఱు చింతపండుతో తోమకున్న నల్లబడు ఉప్పుగాలి మాది. ఆ గాలి కప్లరులను మాత్రము విడుచునా? వరిగాదెల చెంత నిలిపిన కార్లలో ఎలుకలు తీగెలు కొఱుకుటయు కలదు. వఱదనీరు లోనికి వచ్చిన కారు సంగతి వేఱు. కంట్రోలు పెట్టె చాలకార్లలో నడుమ నేలకు దగ్గఱగ నుండును గనుక అట్టిదానిని పూర్తిగ పరీక్షింపక నడుపరాదు.

ఈ మరమ్మతు ఇంట చేయదగినది గాదు. బ్యాటరీ ఋణతీగె విప్పిన పిదపను పెట్టెలో కొంత విద్యుత్తు నిలిచియుండును. కంపెనీ చెప్పినన్ని నిమిషములు వేచి గాని చేయి పెట్టరాదు. తిత్తిని మల్టీమీటరుతో నేరుగ కొలువరాదు, ఆ కొద్ది విద్యుత్తునకే అది ప్రేలవచ్చును. దాని స్థానమున రెండు మూడు ఓముల రెసిస్టరు నుంచి తీగెను పరీక్షించుట నేర్పరుల పద్ధతి. ఆ రెసిస్టరునే శాశ్వతముగ కట్టి దీపము నార్పి పంపువారును కలరు. దశరథుని రథమునకు చీల యూడినపుడు కైక తన వ్రేలినే చీలగా నిలిపెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ వ్రేలు బరువు మోసినది. ఈ రెసిస్టరు ఏమియు మోయదు, మోయుచున్నట్లు దీపమును నమ్మించును. బిల్లులో ఏ భాగము మార్చిరో వ్రాయించి, తీసిన పాత భాగమును చూపుమని యడుగుడు.

మన చేతిలోని పనులు కొన్ని కలవు. ప్రక్కతిత్తి గల పీఠములకు గట్టి గలీబులు కుట్టింపరాదు. డాష్‌బోర్డు మీద, తిత్తి తెఱచుకొను మూతపై దేవుని ప్రతిమలు అంటింపరాదు; అవి తూటాల వలె మన మీదికే వచ్చును. బిడ్డను ముందు పీఠమున ఒడిలో నుంచుకొనరాదు. బెల్టు లేక తిత్తిని నమ్ముటయు ప్రమాదమే.

ఎఱ్ఱదీపము చెప్పలేని లోపము నొకటి చెప్పి విరమింతుము. జపాను దేశపు టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటరులలోని అమ్మోనియం నైట్రేటు, ఏండ్ల తరబడి వేడికిని ఉక్కకును చెడి, ప్రేలినపుడు లోహపు తునకలను చిమ్మి ప్రాణములు తీసినది. ఆ కంపెనీ 2017 జూన్‌లో దివాలా తీసెను. మన దేశమునను హోండా వారు ఆ కారణముచే పాతకార్లను పలుమాఱులు పిలిచి ఉచితముగ మార్చిరి. తీగెలు బాగున్నంతవఱకు దీపము దీనిని చూపదు. మీ కారు పాతదైనచో ఆర్.సి. మీది చాసిస్ నంబరును ఆ కంపెనీ సర్వీసు కేంద్రమున చూపుడు. ఆ బండి పిలువబడిన వానిలో నున్నదో లేదో వారు చూచి చెప్పుదురు.