అతిథులు వెళ్ళిన మరునాడు

కోయిలకుంట్ల సీమలో తిరునాళ్ళ జరిగే పల్లె ఏదైనా సరే, ఎద్దుల బండలాగుడు పందెం లేకుంటే ఆ తిరునాళ్ళకు నిండుదనం రాదు. పందెం నాటికి చుట్టుపట్ల ఊళ్ళనుంచి గిత్తలు వస్తవి. వాటివెంట యజమానులు, తోలేవారు, వేడుక చూడవచ్చిన వందలాది జనం వస్తారు. వచ్చినవారికి అన్నం, గిత్తలకు దాణా, గెలిచినవారికి బహుమానం, అన్నీ ఊరే సమకూర్చాలి. ఆ రెండుమూడు రోజులు ఊరంతా ఒక్కటే. మైకులో తమ ఊరి పేరు వినిపించినప్పుడు చందా ఇచ్చినవాడూ, ఇవ్వలేనివాడూ ఒకేవిధంగా మీసం దువ్వుతాడు. అతిథులు వెళ్ళిన మరునాడు, రచ్చబండమీద చందాల లెక్క విప్పినప్పుడు మాత్రం ఆ ఒక్క ఊరే రెండవుతుంది. "మన పేరు నిలిచింది" అనే గొంతు ఒకటి. "ఈ డబ్బుతో మంచినీళ్ళ బావి పూడిక తీయించి ఉంటే ఎంత బాగుండేది" అనే గొంతు మరొకటి. చిత్రమేమంటే, ఈ రెండు గొంతులూ తరచు ఒకే మనిషివి.

పెద్ద క్రీడోత్సవాలకు ఆతిథ్యమిచ్చే దేశాల ప్రజల మనఃస్థితి సరిగా ఇటువంటిదే. 2025 నవంబరు 26న గ్లాస్గోలో జరిగిన సమావేశంలో 2030 కామన్వెల్తు క్రీడల నిర్వహణను అహమ్మదాబాదుకు అప్పగించినారు. అంతకు ఏడాది ముందే, 2024 అక్టోబరులో, 2036 ఒలింపిక్సు జరపడానికి తన సంసిద్ధతను తెలుపుతూ భారతదేశం అంతర్జాతీయ ఒలింపిక్ సంఘానికి లేఖ పంపినది. ఇటువంటి వార్త వచ్చినప్పుడల్లా బడిలో ఉపాధ్యాయుల గదిలోనూ, బస్టాండు దగ్గర కాఫీ అంగట్లోనూ ఒకే చర్చ సాగుతుంది. ప్రపంచం మన వాకిట నిలుస్తుందని ఒకరు పొంగిపోతారు. వాకిలి ఊడ్చే ఖర్చు ఎవరిదని ఇంకొకరు అడుగుతారు. పొంగిపోయేవాడిని ఆడంబరప్రియుడనీ, అడిగేవాడిని దేశాభిమానం లేనివాడనీ తోసిపుచ్చడం సులభం. ఆ రెండు తీర్పులూ తొందరపాటువే. మన అనుభవమే ఈ మాటకు సాక్షి.

స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్ళు నిండకముందే, 1951 మార్చిలో, ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగినవి. దేశవిభజన గాయం మానలేదు. తిండిగింజలు విదేశాలనుంచి తెప్పించుకొంటున్న రోజులు. అటువంటి కాలంలో ఆటలేమిటని అడిగినవాడిని తప్పుపట్టలేము. అయినా చిరకాలం పరాయిపాలన చవిచూచిన ఆసియాలో పదకొండు దేశాలు ఒక మైదానంలో చేరి, తమ జెండాలకింద తాము నడిచిన ఆ సన్నివేశానికి వెల కట్టడం కష్టం. ఆ క్రీడల ఫుట్‌బాల్ ఫైనలులో మనవారు ఇరానును 1-0తో ఓడించి స్వర్ణం గెలిచినారు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువాడు; వృత్తిచేత బడిపంతులు. ఈ సంగతిని ఉపాధ్యాయులైన పాఠకులు గుర్తుంచుకొందురుగాక. దీనితో మనకు మళ్ళీ పని పడుతుంది.

1982లో ఆసియా క్రీడలు మరల ఢిల్లీకి వచ్చినవి. కొత్త స్టేడియాలు లేచినవి, వంతెనలు వెలసినవి, దూరదర్శనం రంగులు తొడుక్కొన్నది. ఆ కట్టడాలకు రాళ్ళు మోసినవారి కథ మాత్రం సుప్రీంకోర్టులో వినిపించినది. కూలీలను తెచ్చిన జమేదారులు రోజుకు 9 రూపాయల 25 పైసల కనీసవేతనంలో ఒక్కొక్కరి దగ్గర ఒక రూపాయి కమీషనుగా కోసుకొంటున్నారని, ప్రజాస్వామిక హక్కుల సంఘంవారు న్యాయమూర్తి భగవతికి ఒక లేఖ వ్రాసినారు. ఆ లేఖనే కోర్టు పిటిషనుగా స్వీకరించినది. కనీసవేతనానికి తక్కువగా కూలి ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగపు 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరితో సమానమని అదే ఏడాది సెప్టెంబరులో తీర్పు చెప్పినది. క్రీడలు ముగిసినవి, పతకాల పట్టికను చాలామంది మరచినారు. ఒక్క రూపాయి కోతమీద పుట్టిన ఆ తీర్పు మాత్రం నేటికీ న్యాయశాస్త్ర విద్యార్థులకు పాఠంగా నిలిచి ఉన్నది. పండుగను శంకించినవారు దేశానికి చేసిన ఉపకారం ఇది.

ఇక మన ఇంటి సంగతికి వద్దాము. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాజధాని హైదరాబాదులో 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు, 2003 అక్టోబరు 24 మొదలు నవంబరు 1 వరకు ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగినవి. గచ్చిబౌలిలో లోక్‌సభాపతిగా ఉండి మరణించిన బాలయోగి పేర పెద్ద స్టేడియం వెలసినది. అదే 2002లో నైరుతి ఋతుపవనం ముఖం చాటేసినది. దేశం మొత్తంమీద దాదాపు ఐదోవంతు వర్షం తక్కువ పడినది. సీమలో పదును కోసం ఆకాశంవైపు చూస్తూ కూర్చున్న రైతుకు, మూడువందల కిలోమీటర్ల అవతల దీపాలతో మెరిసిపోతున్న స్టేడియం బొమ్మ పత్రికలో కనిపించినప్పుడు మనస్సులో ఏమి మెదిలి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆ రైతు కొడుకే, బడిలో చదివే పిల్లవాడు, ఆ బొమ్మను కత్తిరించి నోటుపుస్తకంలో దాచుకొని ఉంటే అందులోనూ వింత లేదు. ఆ ఇంట్లో దేశాభిమానం ఎవరిదని అడిగితే ఏమి చెప్పగలము?

ఇరవై ఏళ్ళు దాటిన తరువాత ఆ ఆతిథ్యం లెక్కను శాంతంగా చూడవచ్చు. జమ వైపు చాలా ఉన్నది. ఆ ఆఫ్రో-ఆసియా క్రీడలలోనే పదహారేళ్ళ సానియా మీర్జా నాలుగు స్వర్ణాలు గెలిచినది. 2007లో ప్రపంచ సైనిక క్రీడలు కూడా హైదరాబాదులోనే జరిగినవి. 2020లో కోవిడ్ విజృంభించినప్పుడు, గచ్చిబౌలి క్రీడాసముదాయంలోని బహుళ అంతస్తుల వసతిభవనం రోగులకు ఆసుపత్రి అయినది. ఖర్చు వైపూ ఉన్నది. ఆఫ్రో-ఆసియా క్రీడలు మరి ఎన్నడూ జరగలేదు, మొదటివే చివరివి. క్రీడావిద్యాలయాలు కడతామన్న ఒక సంస్థకు ఆ రోజులలోనే 850 ఎకరాలు కేటాయించినారు. తరువాతి ప్రభుత్వం 2006లో దానిని రద్దు చేసినది. ఆ రద్దు సరియైనదేనని హైకోర్టు తేల్చేసరికి 2024 వచ్చినది. అందులోని కంచ గచ్చిబౌలి 400 ఎకరాలకోసమే 2025లో మరల విద్యార్థులు వీధికెక్కినారు. ఆటల పేర కదిలిన భూమి ఆటలు ముగిసినా కదులుతూనే ఉంటుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

అదే గచ్చిబౌలిలో ఇంకొక దృశ్యమున్నది. 2001లో ఆల్ ఇంగ్లండు బాడ్మింటన్ విజేతయైన పుల్లెల గోపీచందు, ప్రభుత్వమిచ్చిన కొద్దిపాటి స్థలంలో, తన ఇల్లు తాకట్టు పెట్టి, దాతల సాయంతో 2008లో ఒక శిక్షణాలయం నెలకొల్పినాడు. సైనా నెహ్వాల్, పి.వి. సింధు ఒలింపిక్ పతకాలతో తిరిగివచ్చినది అక్కడికే. అంతకు ముందే, 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లాలోని ఊసవానిపేటనుంచి వచ్చినది. ఆమె బరువులెత్తడం నేర్చినది ఒక పల్లెటూరి వ్యాయామశాలలో. స్టేడియంవలన ఆటగాడు పుట్టడు. ఆటగాడిని చూడడానికి మాత్రమే స్టేడియం కావాలి. ఆటగాడు పుట్టడానికి కావలసినవి అందుబాటులో ఉన్న మైదానం, వదలిపెట్టని గురువు. రహీం పంతులుగారి కథ చెప్పేదీ ఇదే.

2010 ఢిల్లీ కామన్వెల్తు క్రీడలు ఈ రెండు మనస్సులనూ పరాకాష్ఠకు తెచ్చినవి. క్రీడలకు కొద్దిరోజుల ముందు ప్రధాన స్టేడియం దగ్గర కాలినడక వంతెన కూలినది. పత్రికలనిండా అవినీతి ఆరోపణలు. అటువంటి స్థితిలో మొదలైన క్రీడలలో మనవారు 38 స్వర్ణాలతో 101 పతకాలు గెలిచినారు. హైదరాబాదు తుపాకివీరుడు గగన్ నారంగ్ ఒక్కడే నాలుగు స్వర్ణాలు తెచ్చినాడు. ఉదయం పత్రిక చదివి సిగ్గుపడిన మనిషే, సాయంకాలం జాతీయగీతం విని కళ్ళు తుడుచుకొన్నాడు. అందులో కపటం లేదు. సిగ్గూ, గర్వమూ రెండూ తనదనుకొన్న వస్తువుమీదనే పుడతవి. పొరుగింటి పెళ్ళిలో భోజనం చెడితే మనకు సిగ్గెందుకు?

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. మాంట్రియల్ నగరం 1976 ఒలింపిక్సు కోసం చేసిన అప్పు తీరేసరికి 2006 వచ్చినది. అంటే ఆ ఆటలు చూడని తరం కూడా ఆ బాకీ కట్టినది. అమెరికాలోని డెన్వరులో 1972లో ప్రజలు ఓటు వేసి, తమకు దక్కిన శీతాకాల ఒలింపిక్సునే వద్దన్నారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం, ఖర్చు భరించలేమంటూ, 2026 కామన్వెల్తు క్రీడలను 2023లో వదులుకొన్నది. ఇందుకు భిన్నంగా లాస్ ఏంజెలిస్ 1984లో చాలావరకు పాత మైదానాలతోనే సరిపెట్టుకొని మిగులు చూపినది. కనుక ఆతిథ్యం ఇవ్వడం పాపమూ కాదు, ఇవ్వకపోవడం పుణ్యమూ కాదు. అప్పు చేసి పప్పుకూడు పెట్టిన ఇల్లు వేరు, ఉన్నదానిలో ఆదరంగా వడ్డించిన ఇల్లు వేరు.

ఇంతకూ లెక్క అడిగే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నకు కోయిలకుంట్లకంటె తగిన చోటు లేదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దండెత్తినది ఈ ఊరి ఖజానామీదికే. 1847 ఫిబ్రవరి 22న అతడిని ఉరితీసినదీ ఇక్కడే. ఆనాటి ఖజానా సొమ్ము రైతుది, పెత్తనం కుంపిణీది. లెక్క అడిగే దారి లేదు. నేటి ఖజానా మనదే. సబ్బుబిళ్ళ కొన్న ప్రతివాడూ దానికి చందాదారుడే. నాడు కత్తి పట్టినా దొరకని జవాబు నేడు కాగితంమీద అడిగితే దొరకాలి. అహమ్మదాబాదుకు సీమ దూరమైనా ఆ అహమ్మదాబాదు ఖర్చులో సీమ రైతు పాలు ఉన్నది. కనుక లెక్క అడగడం వేడుకకు అడ్డు తగలడం కాదు, ఇంటివాడుగా నిలబడడం.

ఆ లెక్కలో రూపాయలకంటె ముందు చూడవలసిన పద్దు ఒకటున్నది. విద్యాహక్కు చట్టం అమలులోనికి వచ్చినది 2010 ఏప్రిల్ 1న; ఢిల్లీ క్రీడలు జరిగినది అదే ఏడాది అక్టోబరులో. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని ఆ చట్టపు అనుబంధం చెబుతున్నది. ఒకే ఏడాదిలో దేశం రెండు మాటలిచ్చినది, ఒకటి ప్రపంచానికి, రెండవది తన పిల్లలకు. మొదటి మాట చెల్లించడానికి రాత్రింబగళ్ళు పని జరిగినది. రెండవ మాటకు అంత తొందర ఎవరూ పడలేదు. ఆటస్థలమున్న బడిలోకూడా పరీక్షలు దగ్గరపడగానే డ్రిల్లు పీరియడు లెక్కల పీరియడుగా మారడం ఉపాధ్యాయులకు తెలియని రహస్యం కాదు. ఇందులో మన పాలు కూడా కొంత ఉన్నది.

కాబట్టి విద్యార్థులు పొంగిపోవడం మానవద్దు. ఉపాధ్యాయులు ప్రశ్నించడం మానవద్దు. వీలైతే ఇరువురూ రెండు పనులూ చేయండి. 2030లో అహమ్మదాబాదులో మన జెండా లేచినప్పుడు కళ్ళు చెమ్మగిల్లితే సంతోషమే. మరునాడు మాత్రం ఒక్క ప్రశ్న వేయాలి: ఆ మైదానం ఇప్పుడు ఎవరికి తెరచి ఉన్నది? పల్లె ఈ పరీక్షలో ఎన్నడో నెగ్గినది. తిరునాళ్ళ ముగిసి, గిత్తలు ఇళ్ళకు మరలిన మరుసటి ఉదయం, బండ ఈడ్చిన చాళ్ళు ఇంకా చెరిగిపోకముందే, ఆ దుమ్ములోనే పిల్లలు ఆడుకొంటుంటారు. ఆ మైదానానికి గేటు లేదు, తాళం లేదు.