పిక్క నొప్పిని ఉపేక్షింపరాదు

కాలువ పూడినచో చివరి మడికి నీరందక పైరెండునని మన రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కాలికి రక్తము గొనిపోవు నాళములయందును ఇట్టి పూడికయే కలుగును. నాళపు లోపలి గోడలకు క్రొవ్వు పేరుకొని దారి ఇఱుకగును. నడచునపుడు పిక్క పట్టుకొనును. కొంత సేపు నిలిచినచో తగ్గును. దీనిని వైద్యులు పెరిఫెరల్ ఆర్టరీ వ్యాధి యందురు. ముసలితనమనియు వాతమనియు తలచి ఊరకుండుట మన పల్లెలలో పరిపాటి. ఆ యుపేక్షయే పెక్కుమార్లు కాలు తీసివేయు స్థితికి దెచ్చుచున్నదని మా యభిప్రాయము.

వ్యాధి ముదిరినపుడు రాత్రివేళ పాదము నొప్పి పుట్టి, కాలు మంచము క్రిందికి వ్రేలాడవేసినగాని ఉపశమింపదు. పిమ్మట ముల్లు గ్రుచ్చుకొన్న గాయమైనను మానక, వ్రేళ్లు నల్లబడును. చక్కెరవ్యాధి గలవారిలో స్పర్శ తగ్గుటచే నొప్పియే తెలియకపోవచ్చును. అట్టివారు కాలికి నిప్పుసెగ పెట్టరాదు. పుండుపై సున్నము పూయరాదు.

పొగాకు ఈ వ్యాధికి ముఖ్యకారణములలో నొకటి. 1908లో లియో బర్గర్ అను వైద్యుడు వివరించిన మఱియొక నాళవ్యాధి, చుట్ట, బీడీ త్రాగు పడుచువారినే యెక్కువగ పట్టును. పొగాకు పూర్తిగ మానినగాని అది యాగదు. పొగాకు పండించి జీవించు రైతులు మనలో పెక్కురు గలరు. అంతమాత్రమున ఈ నిజమును దాచుట న్యాయము కాదు.

పరీక్ష కష్టమైనది కాదు. పాదముపైనను, చీలమండ లోపలివైపు వెనుకను వైద్యుడు నాడిని తడవి చూచును. చీలమండయందలి రక్తపుపోటును చేతియందలి పోటుచే భాగింపగా 0.9 గాని అంతకు తక్కువ గాని వచ్చినచో నాళము ఇఱుకైనదని యెంచెదరు. సకాలమున తెలిసినచో పొగ మానుట, క్రమమైన నడక, మందులు, చక్కెరను రక్తపుపోటును అదుపునం దుంచుట వలన మేలగును. అవసరమైనచో బుడగతో నాళమును వెడల్పు చేయుదురు. లేదా రక్తమునకు వేఱొక దారి కుట్టుదురు. కావున ప్రాణాపాయ సమయమున తప్ప, నాళపరీక్ష చేయింపక కాలు తీయుటకు ఒప్పుకొనుట తగదు.

విత్తనము, ఎరువు, అప్పు ఇచ్చుటతో సంఘపు పని తీరదు. అప్పు తీర్చు శక్తి సభ్యుని కాళ్లయందే యున్నది. ప్రతి సంఘమును ఏటేట తొలకరికి ముందు ఒక దినము ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని రప్పించి, 50 ఏండ్లు దాటినవారికిని, చక్కెరవ్యాధి గలవారికిని, పొగత్రాగువారికిని పాదపరీక్ష చేయింపవలయును. రాబోవు సర్వసభ్య సమావేశమున ఇట్లు తీర్మానింపుడని కోరుచున్నాము. మానని పుండు గలవారు మాత్రము ఆ దినమునకై వేచియుండరాదు. హఠాత్తుగ కాలు చల్లబడి పాలిపోయినచో, చేలో పని యెంత యున్నను విడిచి, ఆ గంటయే ఆసుపత్రి చేరవలయును.