వాము కాలినంక వాత పెడితే లాభమేంటి?

ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఒక బాట సాగర్‌కు, ఒక బాట విజయవాడకు పోతుంది. ఇబ్రహీంపట్నం, హయత్‌నగర్ పక్క ఊళ్ల రైతులు తెల్లారకముందే కూరగాయలతో సరూర్‌నగర్ రైతుబజారుకు, దిల్‌సుఖ్‌నగర్‌కు చేరేది ఈ బాటల మీదే. పంట చేతికి రాక కూలికి వచ్చి, అద్దె గదుల్లో ఉంటున్నవాళ్లూ మనవాళ్లే. ఊళ్లో ఉన్నా, పట్నంలో ఉన్నా పొద్దున జరిగేది ఒకటే. పెద్దలు బయటికి, పిల్లలు ఒంటరిగా ఇంట్లో. పొయ్యి పక్కన అగ్గిపెట్టె!

గడ్డివాము అంటుకుంటే రెండు ఎడ్ల ఎండాకాలం మేత బూడిదే. పిల్లవాడికి ఏమన్నా అయితే ఆ నష్టం తీరేది కాదు. అయినా మనం చేసేదేమిటి? గొడ్డును బాదినట్టు బాదడం, లేదా వాత పెట్టడం. దాంతో వాడు నేర్చేది నిప్పు ముట్టొద్దని కాదు, దొరకకుండా ముట్టించాలని.

ఒక్కమాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. కోతలయ్యాక వరి కొయ్యకాళ్లకు మీరు నిప్పు పెడుతుంటే గట్టు మీద నిలబడి చూసేదెవరు? బీడీ ముట్టించుకురమ్మని పొయ్యి దగ్గరికి పంపేదెవరిని? కొయ్యకాళ్లు కాలిస్తే నేలలో మేలుచేసే జీవులు చస్తాయని, కలియదున్నితే ఎరువవుతుందని అధికారులు చెబుతూనే ఉన్నారు. పిల్లల కోసమైనా ఆ పని మానండి.

పిల్లలు నిప్పుతో ఆడటానికి కారణాలు రెండు రకాలు. చిన్నవాళ్లది ఎక్కువగా వింత చూడాలనే కోరిక. అగ్గిపెట్టె, లైటరు అందకుండా పెట్టి, మంట ఏం చేస్తుందో నెమ్మదిగా చెబితే చాలామంది మానుతారు. బట్టలంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద పొర్లాలని కూడా నేర్పండి. రెండోది మనసులో బాధ. ఇంట్లో తాగుడు, కొట్లాట, అప్పులవాళ్ల కేకలు, బడిలో అవమానం. నోటితో చెప్పలేనిది వాడు పుల్లతో చెబుతాడు. పదే పదే, అందులోనూ చాటుగా ముట్టిస్తుంటే అది అల్లరి కాదు. రోజూ పావుగంట పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. అప్పటికీ మానకపోతే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో చూపించండి. అక్కడికి పోతే పిచ్చి అంటారని జంకొద్దు. 14416కు ఫోన్ చేసినా తెలుగులోనే సలహా చెబుతారు, పైసా ఖర్చు లేదు.

పక్కవాళ్ల వాము కాలితే పిల్లవాణ్ణి పంచాయితీలో దొంగలా నిలబెట్టకండి. ఏడేళ్లలోపు పిల్లలు చేసింది నేరం కాదని చట్టమే అంటోంది. 2024 జూలైలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ మాటే ఉంది. అలాగని ఊరుకోనూ వద్దు. మీ గడ్డి నాలుగు మోపులు ఇచ్చి, వాడితోనే ఒక చిన్న మోపు మోయించండి. తప్పు బరువు వాడికి తెలుస్తుంది, పక్కింటివారి కోపమూ చల్లారుతుంది.

మంట లేస్తే 101, ఒళ్లు కాలితే 108. ఈ నంబర్లు గోడ మీద రాసిపెట్టండి. ఇవాళ ఇంటికి పోగానే మొదట అగ్గిపెట్టె ఎక్కడుందో చూడండి. తర్వాత పిల్లవాడి మొహం చూడండి.