ఆకాశంలో అడవి పేర్లు

2025 మే నెలలో సూర్యుడికి బహు దూరంగా ఇంకో బుల్లి గ్రహం దొరికిందని అమెరికా పరిశోధకులు ప్రకటించారు. పాత ఫోటోలు మళ్లీ మళ్లీ వెతికి పట్టుకున్నారట. అడ్డంగా కొలిస్తే 700 కిలోమీటర్లు ఉండొచ్చు. సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరగడానికి దానికి సుమారు 25,000 ఏళ్లు పడుతుంది.

ఈ సంగతి స్టడీ అవర్లో చెప్పుకుంటే మన వాళ్లు ఊరుకుంటారా! "అక్కడ మన హాస్టల్ ఉంటే బావుణ్ణు, వార్షిక పరీక్ష 25,000 ఏళ్లకొకసారే" అన్నాడొకడు. "సంక్రాంతి సెలవులు కూడా అప్పుడేరా" అన్నాడు పక్కవాడు. గుళ్లో నవగ్రహాల చుట్టూ ఇంకో ప్రదక్షిణ పెరుగుతుందా అని ఇంకొకడి బెంగ. దానికింకా పేరు పెట్టలేదు, 2017 ఓఎఫ్ 201 అనే నెంబరే ఉంది అంటే, పోర్టు రోడ్డులో లారీ అనుకున్నారు.

ఎంత దూరమో తెలియాలంటే మన గంట స్తంభం దగ్గర ఒక శనగగింజ పెట్టండి. అది సూర్యుడు. ఒక మీటరు అవతల భూమి, కంటికి కనపడనంత నలుసు. ముప్పై మీటర్ల అవతల నెప్ట్యూన్. ఇక ఈ కొత్తది దూరంగా పోయినప్పుడు కిలోమీటరున్నర దాటిపోతుంది. అంత దూరం పోయినా ఆ శనగగింజ చుట్టూనే తిరుగుతోంది చూడండి, అదీ విడ్డూరం.

దీనికి ముందు ఇలాగే సెడ్నా దొరికింది. 2003 నవంబరు 14న చూశారు, 2004 మార్చిలో లోకానికి చెప్పారు. మొదట్లో దానికి ముద్దుపేరు పెట్టుకున్నారు, ఏ రేవుకీ చేరకుండా తిరిగే దెయ్యం ఓడ పేరు. విశాఖలో ఉన్నవాళ్లకి ఈ పేరు బాగా తెలుస్తుంది, సముద్రంలో లంగరేసి రోజులతరబడి నిలబడ్డ ఓడలు మనం చూస్తూనే ఉంటాం. సెడ్నా చుట్టు సుమారు 11,000 ఏళ్లు. 2076 ప్రాంతంలో సూర్యుడికి దగ్గరగా వస్తుంది, అప్పటికి ఇప్పటి ఆరో తరగతి వాళ్లకి అరవై దాటతాయి. దాని మీద నిలబడి గుండుసూది తల అడ్డం పెడితే సూర్యుడు కనపడడు. అది బాగా ఎర్రగా ఉంటుంది కూడా. "మన కేకే లైను గూడ్సు బండి ఎర్రమట్టే" అని అరకు వైపు వాళ్లు తీర్పు చెప్పేశారు. బైలదిల్లా నుంచి విశాఖకి ఇనుపరాయి మోసే బండి వాళ్ల ఊళ్ల పక్కనుంచే పోతుంది మరి. కానీ ఆ ఎరుపు ఇనుముది కాదట. గడ్డకట్టిన మంచులాంటి పదార్థాల మీద కోట్ల ఏళ్లు కిరణాలు పడి అలా మారిందని శాస్త్రవేత్తల ఊహ.

నవ్వు మనకొక్కరికే కాదు, కనిపెట్టిన వాళ్లకీ ఉంది. 2012 వీపీ 113 అనే దానికి, వీపీ అంటే వైస్ ప్రెసిడెంట్ కదా అని, అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడి పేరుతో బైడెన్ అని పిలుచుకున్నారు.

అన్నిటికన్నా మనకి నచ్చింది మాకేమాకే. 2005లో దొరికింది, 2008లో ఆ పేరు పెట్టారు. ఆదివారం మెస్సులో కోడికూర గిన్నె వచ్చినప్పుడు మనం అరిచే మాటే అది! ఇప్పుడు లైనులో అందరూ గ్రహం పేరు జపిస్తున్నారు. వార్డెన్ గారు ఖగోళశాస్త్రం మీద ఆసక్తి అనుకోవాలని మనవి.

ఇక నేను రాయాలనుకున్న సంగతి. ఈ పేర్లు ఎవరివి? మాకేమాకే పసిఫిక్ సముద్రంలో ఈస్టర్ దీవి ఆదివాసుల దేవుడు, మనుషుల్ని పుట్టించినవాడు. సెడ్నా ఉత్తర ధ్రువం వైపు మంచులో వేటాడి బతికే ఇన్యూట్ జనం సముద్రదేవత. 2002లో దొరికిన క్వావార్ పేరు టోంగ్వా జనానిది. ఇప్పుడు లాస్ ఏంజిలిస్ మహానగరం ఉన్న నేల వాళ్లది. ఆ పేరు పెట్టేముందు కనిపెట్టినవాళ్లు టోంగ్వా వాళ్లని అడిగారు. తర్వాత దానికి ఒక చంద్రుడు దొరికితే పేరు మీరే చెప్పండి అని వాళ్లకే వదిలేశారు. వాళ్లు క్వావార్ కొడుకు వేవోట్ పేరు చెప్పారు.

మరి మన పేర్ల సంగతి? అరకు, ముంచింగిపుట్టు వైపు చాలా ఇళ్లలో పుట్టిన వారాన్నిబట్టి పేరు పెడతారు. సోమారి, మంగ్లి, బుద్రా, గురుబారి, సుక్రి. పట్నంలో ఈ పేర్లు పిలిస్తే కిసుక్కుమంటారు. ఒక బడిలో చేర్చుకునేటప్పుడే సుక్రిని సుకన్య చేసేశారు, అమ్మానాన్నల్ని అడగలేదు. సుక్రి అంటే ఏమిటి? శుక్రవారం. శుక్రుడు. తెల్లవారుజామున అందరికంటే ముందు వెలిగే గ్రహం పేరు పెట్టుకున్న పిల్లని చూసి నవ్వడం ఏం తెలివి!

మాకేమాకే అని మనం నవ్వుకుంటే ఆ మంచుబండకి వినపడదు. సుక్రికి వినపడుతుంది. వరసలో వెనక్కి పోయి నిలబడుతుంది.

పేరు మారిస్తే పట్నంలో ఉద్యోగం తేలిక అని కొందరు పెద్దలంటారు. వాళ్ల భయం నాకర్థమవుతుంది. ఎవరైనా తమకు తాము మార్చుకుంటే వాళ్ల ఇష్టం. కానీ ఇంట్లో ఒకటి, రిజిస్టర్లో ఒకటి, కుల ధృవపత్రంలో ఇంకొకటి ఉంటే స్కాలర్‌షిప్ దగ్గర ఆగేది ఎవరు? పేరు మార్చిన సారు కాదు, పిల్లే. నాన్న కూలి మానుకుని మండలాఫీసు చుట్టూ తిరగాలి. ఆ ప్రదక్షిణకి నవగ్రహాలు కూడా చాలవు.

కాబట్టి వార్డెన్ గార్లకి, క్లాస్ టీచర్లకి విన్నపం. జూన్‌లో కొత్త పిల్లలు చేరేటప్పుడు అమ్మ ఇంట్లో ఎలా పిలుస్తుందో అడిగి అలాగే రాయండి. పలకడం రాకపోతే మేం నేర్పుతాం. మిత్రులారా, వచ్చే సంచిక కోసం మీ పేరు ఏ వారానిదో చీటీ రాసి గోడపత్రిక డబ్బాలో వేయండి. శనివారం వాళ్లు సిగ్గుపడక్కర్లేదు, ఉంగరాలున్న గ్రహం మీదే.