హృదయ రక్షణ – కళాశాల బాధ్యత

“ఆరోగ్యమే మహాభాగ్యం” అన్న సూక్తిని మన విద్యార్థులు వ్యాసరచన పోటీలలో ముత్యాల్లాంటి అక్షరాలతో వ్రాస్తారు. వ్రాసిన వెంటనే క్యాంటీనుకు వెళ్ళి రెండు సమోసాలు తిని, పానకం వంటి టీ త్రాగి తరగతికి వస్తారు. అధ్యాపకులమైన మేమూ అంతే. సూక్తికి, సమోసాకు నడుమగల ఈ దూరాన్ని గురించే నేను నాలుగు మాటలు మనవి చేయదలచాను.

గడచిన క్రీడాదినోత్సవం నాడు ఒక విద్యార్థిని పరుగుపందెం సగంలోనే కళ్ళు తిరిగి పడిపోయింది. ఆమెది ఇల్లెందు వైపు అడవి అంచున ఉన్న పల్లె. తేరుకున్న తరువాత “ప్రొద్దున ఏమి తిన్నావమ్మా?” అని అడిగాను. “టీ తాగి ఆరున్నర బస్సెక్కిన సార్” అన్నది. ఇంట్లో ఏమీ లేదా అంటే తల వంచుకొని, “జొన్న అంబలి ఉంది సార్. మా నాయనమ్మ తాగుద్ది, మేం తాగం” అన్నది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. ఆకలికన్నా సిగ్గు బలమైనదని ఆనాడు గ్రహించాను.

గుండె పిడికెడంత కండ. అది రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. దానికి సెలవు దినం లేదు. అది పంపే రక్తంలో ప్రాణవాయువును మోసేది ఇనుముతో తయారైన హిమోగ్లోబిన్. ఇనుము తక్కువైతే గుండె ఎక్కువ శ్రమపడాలి, మనిషి త్వరగా అలసిపోతాడు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉన్నది. మధ్యాహ్నం తరగతిలో నిద్రపోయే బాలికను సోమరి అని మందలించే ముందు మనం ఈ అంకెను ఒకసారి స్మరించాలి. భోజనంతోపాటు టీ త్రాగితే ఆహారంలోని ఇనుము శరీరానికి సరిగా పట్టదు. అదే ఆకుకూర మీద నిమ్మరసం పిండుకుంటే బాగా పడుతుంది. ఇంత చిన్న విషయాన్ని కూడా మనం పిల్లలకు చెప్పడం లేదు.

ఇక రెండవ వైపు చూద్దాం. గుండెజబ్బు ధనవంతుల రోగమన్న పాత భ్రమ తొలగిపోయింది. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం, వయోజనులలో నూటికి 35 మందికి పైగా రక్తపోటు ఉన్నది. ఉప్పు ఎక్కువైనప్పుడు శరీరం నీటిని నిలుపుకొంటుంది, రక్తనాళాలపై ఒత్తిడి పెరుగుతుంది. రోజుకు 5 గ్రాములు, అనగా సుమారు ఒక చెంచా ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మిర్చికి పేరుపొందిన ఖమ్మంలో పచ్చడి లేని విస్తరి ఉండదు. ఆ పచ్చడిలోని ఉప్పును ఎవరు లెక్కిస్తున్నారు?

మన ఇండ్ల సంగతీ చెప్పుకోవాలి. ఖర్జూరంతో, నీళ్ళతో ఉపవాసం విరమించడం మన సంప్రదాయం. ఎంత మితమైన, ఎంత మేలైన సంప్రదాయమది! కానీ ఆ ఖర్జూరం నోట్లో కరగకముందే మిరపకాయ బజ్జీల పళ్ళెం ఖాళీ అవుతున్నది. వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు గుండెకు శత్రువని తెలిసి, 2022 జనవరి నుండి నూనెలలోను, కొవ్వులలోను అది నూటికి 2 వంతులు మించరాదని ప్రభుత్వం నియమం చేసింది. కాచిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచే మూకుడుకు మాత్రం మనమే నియమం పెట్టాలి.

మరి అంబలి సంగతి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలలో 100 గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల పీచు ఉన్నట్లు, తెల్లబియ్యంలో అది 3 గ్రాముల లోపే ఉన్నట్లు చూడవచ్చు. పీచు ఉన్న ఆహారం నెమ్మదిగా అరుగుతుంది, కడుపు నిండుగా ఉంటుంది. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పథకం పేదవాని ఆకలి తీర్చింది. దానిని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. అయితే కాలక్రమాన చేలలో జొన్న తగ్గి పత్తి పెరిగింది. గట్క, అంబలి బీదతనానికి గుర్తులైనాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన తరువాత, అదే జొన్న రంగుకాగితాల పొట్లాలలో బియ్యాన్ని మించిన ధరకు నగరాలలో అమ్ముడుపోతున్నది. మన పిల్ల సిగ్గుపడి వదిలిన గిన్నెను నగరవాసి గర్వంగా కొనుక్కుంటున్నాడు!

అడవి అంతా ఆరోగ్యమేనని నేననడం లేదు. భద్రాచలం మన్యంలోని కోయ గూడేలలో రక్తహీనత ఉన్నది, చాలీచాలని తిండి ఉన్నది. అక్కడ మంచి ఆహారం చాలదు, ఇక్కడ చాలినంత ఆహారం మంచిది కాదు. మనం నేర్చుకోవలసింది వారి ఆహారాన్ని, వారి నడకను. వారి లేమిని కాదు.

విద్యార్థులకు హితబోధ చేయడం సులభం. కాని కళాశాలలో దొరికేది సమోసా ఒక్కటే అయినప్పుడు హితబోధకు విలువ లేదు. అందువల్ల కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా మూడు మనవులు.

మొదటిది, క్యాంటీనులో ఉదయం తొమ్మిది గంటలకు జొన్న జావ లేదా రాగి జావ, ఉడికించిన శనగలు, అరటిపండు తక్కువ ధరకు లభించాలి. వాటిని విద్యార్థుల కంటే ముందు అధ్యాపకులు అందరి ఎదుట తినాలి. సిగ్గు పోవడానికి అంతకంటే మంచి మందు లేదు.

రెండవది, రోజూ అరగంట ఆట కాలక్రమ పట్టికలో ఉండాలి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం అవసరమని వైద్యులు చెబుతున్నారు. ఈ అరగంట బాలికలకు కూడా ఉండాలి. మైదానం బాలురది, వరండా బాలికలది అన్న విభజన ఇకనైనా పోవాలి.

మూడవది, ఏటా ఒకసారి విద్యార్థులకు హిమోగ్లోబిన్, సిబ్బందికి రక్తపోటు పరీక్షలు జరిపించాలి. విద్యాసంస్థకు వంద గజాల లోపల పొగాకు అమ్మరాదన్న 2003 నాటి చట్టాన్ని మన గేటు ముందు అమలు జరిపించాలి.

చివరగా ఒక హెచ్చరిక. అంబలి ఆహారమే గాని ఔషధం కాదు. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో ప్రాకే నొప్పి, చల్లని చెమట కనబడినప్పుడు “గ్యాసు” అనుకొని సోడా త్రాగుతూ కూర్చోరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి. అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే.

యాభై ఏండ్లకు ఆగిపోయే గుండె పదిహేడేండ్లకే అలసిపోవడం మొదలుపెడుతుంది. ఆ పదిహేడేండ్ల గుండెలు ఇప్పుడు మన తరగతి గదులలో కొట్టుకుంటున్నాయి. వచ్చే క్రీడాదినోత్సవం నాడు ఆ అమ్మాయి నాయనమ్మ కాచిన అంబలి త్రాగి, తల ఎత్తుకొని పరుగు పూర్తి చేయాలని నా కోరిక. ఆమె మొదట రానక్కరలేదు. గీత దాటితే చాలు.