పేదవాడికి గుట్టు అక్కర్లేదా?

వ్యక్తిగత సమాచార రక్షణ గురించి ఎక్కడ మాటెత్తినా ఒక వాదన సిద్ధంగా ఉంటుంది. పింఛను కోసం, రేషన్ కోసం పడిగాపులు కాసేవాళ్లకు ప్రైవసీ ఎందుకండీ, అదంతా కడుపు నిండినవాళ్ల ముచ్చట అని. అధికారుల నోటే కాదు, పేదల కోసం చిత్తశుద్ధితో పనిచేసే మిత్రుల నోటా ఈ మాట వింటున్నాను. 2017లో సుప్రీంకోర్టులో పుట్టస్వామి కేసు నడిచినప్పుడు కేంద్రం తరఫున అటార్నీ జనరల్ కూడా ఇదే దారి పట్టారు. సంక్షేమం అందాలంటే గోప్యతను వదులుకోవాలన్నారు. గోప్యత ప్రాథమిక హక్కేనని ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. పేదలకు కూడు చాలు, పౌరహక్కులతో పనిలేదన్న వాదన చరిత్రలో ఎన్ని ఘోరాలకు ముసుగైందో జస్టిస్ చంద్రచూడ్ తన తీర్పులో గట్టిగా గుర్తుచేశారు. కోర్టులో ఓడినా ఆ వాదన బయట దర్జాగా తిరుగుతూనే ఉంది. దాని ఖరీదు కడుతున్నది పేదలే.

అదే ఏడాది మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి ఒక అధ్యయనం వెలువరించారు. వాళ్లు ఏ కంప్యూటర్‌లోకీ చొరబడలేదు. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లు తెరిచి చూశారు, అంతే. ఎవరైనా చదువుకునేలా ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు కనిపించాయి. 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు అలా బయటపడి ఉండొచ్చని అంచనా వేశారు. ఎవరివి ఆ నంబర్లు? ఒక సైటు వృద్ధులకు, వితంతువులకు పింఛన్లిచ్చే జాతీయ సామాజిక సహాయ పథకానిది. ఇంకొకటి ఉపాధి హామీది. మిగిలిన రెండూ ఆంధ్రప్రదేశ్‌వి. ఒకదాంట్లో ఉపాధి కూలి చెల్లింపుల రోజువారీ నివేదికలు, మరోదాంట్లో అసంఘటిత కార్మికుల చంద్రన్న బీమా. ఆదాయపు పన్ను కట్టేవాళ్ల జాబితా ఆ నాలుగింటిలో లేదు.

నంబరు బయటపడితే కొంప మునుగుతుందా అని అడిగేవాళ్లు ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిని ఒకసారి దగ్గరగా చూడాలి. ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర ఏటీఎం కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ అడగరు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, నోట్లు చేతికొస్తాయి. బస్సెక్కి మండల కేంద్రానికి పోలేని ముసలమ్మకు ఇది మేలే, కాదనను. అయితే ఈ మూడింటిలో గుట్టుగా మిగిలింది ఏది? ఆమె ఖాతా ఏ బ్యాంకులో ఉందో ఊరందరికీ తెలుసు. నంబరు ప్రభుత్వమే వెబ్‌సైట్లో పెట్టింది. వేలిముద్ర సంగతి 2018లో పెద్దపల్లి జిల్లాలో తేలిపోయింది. సిమ్ కార్డులు అమ్మే ఒకాయన రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీది వేలిముద్రలను రబ్బరు స్టాంపుల్లా పోతపోసి, వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. అమ్మకాల టార్గెట్ కోసం! తర్వాతి ఏళ్లలో ఇదే కిటుకుతో ఖాతాలు ఊడ్చేసిన ముఠాలు పట్టుబడ్డాయి.

కలవాడి ఖాతాలో వంద తగ్గితే ఆ క్షణాన్నే ఫోను మోగుతుంది. కూలికెళ్లే మనిషి సంగతి అలా కాదు. మిషన్ మీద వేలు పెడితే బ్యాలెన్స్ లేదంటుంది. కూలి ఇంకా పడలేదేమో అనుకుని ఇంటికొచ్చేస్తుంది. నెల తర్వాత ఎవరో చదువుకున్న పిల్లవాడు పాస్‌బుక్ చూసి చెబితే గానీ దొంగతనం బయటపడదు. బయోమెట్రిక్ లాక్ ఉందిగా అంటారు. ఉంది. అది వేసుకోవడానికి ఆధార్‌తో ముడిపడిన ఫోను నంబరు, వెబ్‌సైటో యాపో వాడే నేర్పు కావాలి. తాళం అవసరమైనవాళ్లకే అది అందడం లేదు.

వాళ్లకే పట్టింపు లేదు, మీకెందుకు బాధ అన్నది మరో మాట. 2018లో నిత్యా సాంబశివన్ బృందం భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో దాదాపు 200 మంది స్త్రీలతో మాట్లాడి ఒక పరిశోధన పత్రం రాసింది. ప్రైవసీ నాలాంటిదానికి కాదు, డబ్బున్న ఆడవాళ్లకని ఒకామె అన్న మాటే ఆ పత్రానికి శీర్షికైంది. శీర్షిక దగ్గరే ఆగిపోయేవాళ్లకు తమ వాదన గెలిచినట్టే ఉంటుంది. లోపలికెళితే కనిపించేది వేరు. భర్త, అత్త, పిల్లలు అడిగితే ఫోను ఇవ్వక తప్పదు. ఇవ్వనంటే అనుమానం. అందుకని ఒక్కో యాప్‌కు విడిగా తాళం వేసుకుంటారు. ఇవ్వబోయే ముందు ఫలానా మెసేజీ, ఫలానా ఫొటో తుడిచేస్తారు. ప్రైవసీ అన్న పేరు పెట్టకుండానే ఇంత జాగ్రత్త పడేవాళ్లకు పట్టింపు లేదని ఎలా అంటాం?

2020 చివర్లో లోన్ యాప్‌ల బాగోతం తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటికీ తెలిసింది. సిబిల్ స్కోరున్నవాడికి బ్యాంకు పిలిచి అప్పిస్తుంది. అది లేనివాడు ఫోన్లోని కాంటాక్టులు తాకట్టు పెట్టాడు. వాయిదా తప్పగానే ఏజెంట్లు మేనమామకు, తోటి ఉద్యోగులకు, ఆడపడుచుకు ఫోన్లు చేసి దొంగ అన్నారు, మార్ఫింగ్ ఫొటోలు పంపారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. గుట్టు అక్కర్లేనివాళ్లు పరువు పోయిందని చచ్చిపోరు. అప్పిచ్చే యాప్‌లు కాంటాక్టుల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన తెచ్చేసరికి 2022 సెప్టెంబరు వచ్చింది.

పారదర్శకత కోసమే జాబితాలు బయటపెట్టామన్న సమాధానం నన్ను ఒప్పించదు. సామాజిక తనిఖీని దేశానికి చూపించిన నేల మనది. గ్రామసభలో ఎవరు ఎన్నాళ్లు పనిచేశారో, కూలి ఎంత పడిందో చదివి తీరాలి. ఆ చదువుకు ఆధార్ నంబరుతో, ఖాతా నంబరుతో పనేముంది? ఇక 2023 డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదనే 8(1)(జె)ని సవరించి, ఆ నిబంధనలో ఉన్న ప్రజాప్రయోజన మినహాయింపును తొలగించింది. అధికారుల వివరాలు అడిగినప్పుడు వ్యక్తిగతమని తలుపు మూయడం దీంతో సులువైంది. కూలీ దాకా వచ్చేసరికి గోప్యత విలాసమంటున్నవాళ్లు ఈ సవరణ మీద ఎందుకు నోరు మెదపరు?

అదే చట్టం డేటా కాపాడనివాళ్లకు 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చంటుంది. ఆ సొమ్ము భారత సంచిత నిధికి పోతుంది. కంపెనీల నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవారికి పరిహారమిప్పించే ఐటీ చట్టం 43ఎ సెక్షన్‌ను మాత్రం రద్దుచేసింది. ఉత్త ఫిర్యాదని తేలితే ఫిర్యాదుదారుకే 10,000 రూపాయల దాకా వడ్డిస్తుంది. ఆ పరిహారాన్ని తిరిగి తేవాలి, ప్రభుత్వ శాఖలకూ వర్తింపజేయాలి. ఖాతాదారు అడిగితే తప్ప వేలిముద్రతో డబ్బు తీసే దారి తెరవకూడదు. ఈ రెండూ జరిగేదాకా, ఖాళీ అయిన పాస్‌బుక్ పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వచ్చిన మనిషితో ప్రైవసీ నీకెందుకమ్మా అనే అధికారం ఎవరికీ లేదు.